ముగ్గురిలో ఒకరన్న లెక్క

‘ప్రభుత్వాసుపత్రి ఓపీకి వచ్చే ప్రతి ముగ్గురిలో ఒకరికి మానసిక వ్యాధి.’ ప్రపంచ మానసిక ఆరోగ్య దినం, అంటే అక్టోబరు 10, దగ్గర పడుతోందంటే చాలు, ఈ వాక్యం ఏదో ఒక రూపంలో పత్రికల్లోకి వచ్చేస్తుంది. ఒక ఏడాది ముగ్గురిలో ఒకరు, ఇంకో ఏడాది నలుగురిలో ఒకరు, ఉత్సాహం ఎక్కువైతే ఇద్దరిలో ఒకరు. సభల్లో వక్తలు చెబుతారు, టీవీ చర్చల్లో డాక్టర్లు చెబుతారు, పీజీ విద్యార్థుల థీసిస్‌లు పీఠికలోనే చెబుతాయి. దానికి తోకగా మరో మాట ఉంటుంది: గ్యాస్ అనీ, గుండెదడ అనీ, తిమ్మిర్లనీ, ఒళ్ళునొప్పులనీ తిరిగేవాళ్ళలో సగం మందికి అసలు జబ్బు ఒంట్లో లేదట, మనసులో ఉందట.

ఈ రెండు మాటలకూ సరైన ఆధారం లేదని నా వాదన. ఓపీ వరండాల్లో డిప్రెషన్‌తో, భయంతో, దిగులుతో నలిగిపోతున్న మనుషులు లేరని నేననను. ఉన్నారు. వాళ్ళలో చాలామందిని గుర్తించకుండానే మన డాక్టర్లు పంపేస్తున్నారు కూడా. అయితే వాళ్ళెంతమందో, ఎవరో తేల్చడానికి మనం వాడుతున్న పద్ధతి ఆ పని చెయ్యలేదు. చెయ్యలేని పద్ధతితో తెచ్చిన సంఖ్యను సైన్సు పేరుతో ఊరేగిస్తున్నాం. దానివల్ల నష్టం లేదనుకునేవాళ్ళతోనే నా గొడవ.

ఈ సంఖ్యలు తెచ్చే సర్వేలు చాలా మటుకు ఒకే మూసలో ఉంటాయి. ఒక పీజీ విద్యార్థి ప్రశ్నావళి కాగితాలు పట్టుకుని ఓపీలో నిలబడతాడు. దొరికినవాళ్ళను దొరికినట్టు అడుగుతూ పోతాడు. 384 మంది కాగానే ఆపేస్తాడు. (ఈ 384 మన థీసిస్‌లలో ఇష్టదైవం లాంటి సంఖ్య. సగం మందికి సమస్య ఉందనుకుని, అయిదు శాతం అటూ ఇటూ తేడాకు ఒప్పుకుంటే ఫార్ములాలో వచ్చేది అదే. మనుషుల్ని ఇష్టమొచ్చినట్టు కాక లాటరీ పద్ధతిలో ఎంచినప్పుడే ఆ ఫార్ములా వర్తిస్తుందన్న షరతు మాత్రం ఎవరికీ గుర్తుండదు.) స్కోరు ఒక గీత దాటినవాళ్ళందరినీ లెక్కపెట్టి, 384తో భాగించి, శాతం కడతాడు. ఆ శాతమే మరునాడు ‘మానసిక రోగుల శాతం’ అవుతుంది.

ప్రశ్నావళి తయారుచేసినవాళ్ళు ఎక్కడా ఆ మాట అనలేదు. డేవిడ్ గోల్డ్‌బర్గ్ అనే బ్రిటిష్ సైకియాట్రిస్టు 1972లో 60 ప్రశ్నలతో జనరల్ హెల్త్ క్వశ్చనేర్ తెచ్చాడు. ఇప్పుడు అందరూ వాడే 12 ప్రశ్నల జీహెచ్‌క్యూ దాని కుదింపే. సమస్య ఉండే అవకాశం ఉన్నవాళ్ళను విడదీసి, వాళ్ళతో ఒక డాక్టరు కూర్చుని మాట్లాడాలన్నది అందులోని ఉద్దేశం. 2001లో అమెరికాలో ఫైజర్ కంపెనీ డబ్బుతో తయారైన పీహెచ్‌క్యూ-9 కూడా అంతే. అందులో తొమ్మిది ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 3 మార్కులు, మొత్తం 27. పదీ ఆ పైన వస్తే డిప్రెషన్ ఉందేమో చూడమని అర్థం. ‘ఉందేమో చూడు’ అన్నది మన దగ్గరకు వచ్చేసరికి ‘ఉంది’ అయిపోయింది.

ఆ రెండు మాటల మధ్య దూరమెంతో చిన్న కూడిక, తీసివేత చెబుతాయి. వెయ్యి మంది ఉన్నారు. నిజంగా డిప్రెషన్ ఉన్నవాళ్ళు వందమంది, అంటే పది శాతం. మన ప్రశ్నావళి మంచిదే అనుకుందాం: జబ్బున్న నూటికి 85 మందిని పట్టుకుంటుంది, జబ్బు లేని నూటికి 85 మందిని వదిలేస్తుంది. ఇంతకంటే చాలా మెరుగ్గా పనిచేసే ప్రశ్నావళులు ఈ రంగంలో అరుదు. జబ్బున్న వందలో 85 మంది దొరికారు. జబ్బు లేని తొమ్మిది వందల్లో 15 శాతం, అంటే 135 మంది, ఊరికే దొరికారు. మొత్తం 220. పది శాతం జబ్బు ఇరవై రెండు శాతమై కూర్చుంది. ఆ 220 మందిలో నిజంగా జబ్బున్నవాళ్ళు 85 మందే. మిగతా 135 మంది పొరపాటున పడినవాళ్ళు, అంటే సగాని కంటే ఎక్కువ.

ఇది కాగితం మీద లెక్క అని కొట్టిపారేయడానికి లేదు. బ్రూక్ లెవిస్ బృందం 2020లో 44 అధ్యయనాల్లోని 9,242 మంది వివరాలను ఒకచోట చేర్చి చూసింది. పీహెచ్‌క్యూ-9లో పదీ ఆ పైన స్కోరు ఉన్నవాళ్ళు 24.6 శాతం. అవే అధ్యయనాల్లో శిక్షణ పొందినవాళ్ళు కూర్చుని పద్ధతి ప్రకారం ఇంటర్వ్యూ చేసి డిప్రెషన్ అని తేల్చినవాళ్ళు 12.1 శాతం. రెట్టింపు. ఈ ఫలితం వచ్చాక కూడా మన దగ్గర స్కోరు శాతాన్ని జబ్బు శాతంగా రాస్తూనే ఉన్నారు, గైడ్లు సంతకాలు పెడుతూనే ఉన్నారు.

‘ఈ ప్రశ్నావళి వ్యాలిడేట్ అయింది’ అన్నది ఇలాంటి ప్రశ్న వేసినప్పుడు వెంటనే వచ్చే జవాబు. అయింది సరే, ఎక్కడ, ఎవరి మీద, ఏ గీతతో? ప్రపంచ ఆరోగ్య సంస్థ అధ్యయనంలో జీహెచ్‌క్యూ-12ను ఎన్నో నగరాల్లో వాడి చూసినప్పుడు సరైన గీత ఊరూరికీ మారింది. ఒకచోట తక్కువ స్కోరుకే మనిషి ఇబ్బందిలో ఉన్నట్టు, మరోచోట అదే స్కోరు మామూలు మాట. ఎందుకిలా మారుతోందో చెప్పడానికి గోల్డ్‌బర్గ్ బృందమే 1998లో ప్రత్యేకంగా ఒక వ్యాసం రాయాల్సి వచ్చింది. మాంచెస్టర్‌లో పనికొచ్చిన గీత మదనపల్లెలోనూ పనికొస్తుందని ఎలా నమ్ముతాం? గీతను ఒక్క మార్కు అటో ఇటో జరిపితే శాతం ఎంత మారుతుందో థీసిస్‌లో ఒక్క పట్టిక వేస్తే తెలుస్తుంది. ఆ పట్టిక నాకు ఎక్కడో తప్ప కనబడలేదు.

గీత సంగతి అలా ఉంచి ప్రశ్నల్లోకి వెళదాం. ఒక జిల్లా ఆసుపత్రి జనరల్ మెడిసిన్ ఓపీలో జరిగిన ఇంటర్వ్యూ ఇది, పక్కనే ఉండి విన్నాను. యాభై దాటిన ఆవిడ ఓపీ చీటీ గుప్పిట్లో పట్టుకుని బెంచీ చివర కూర్చుంది. పక్కన కొడుకు నిలబడ్డాడు. పీజీ కుర్రాడు మర్యాదస్తుడే, ఆవిడ ఎదురుగా గొంతుక్కూర్చుని అడిగాడు.

“అమ్మా, ఈ రెండు వారాల్లో నిద్ర పట్టకపోవడం ఎన్ని రోజులుంది?”

“నిద్రెక్కడిది బాబూ, మోకాళ్ళు సలుపుతుంటే.”

దాదాపు ప్రతిరోజూ అన్న గడిలో టిక్కు. మూడు మార్కులు.

“నీరసంగా ఉంటోందా?”

“రెండు మెట్లెక్కితే ఆయాసం. రక్తం తక్కువుందన్నారు.” మూడు.

“ఆకలి?”

“ఈ మాత్రలు మొదలెట్టినకాడ్నుంచి అన్నం సయించట్లేదయ్యా.” మూడు.

“కదలికలు నెమ్మదించాయా, మామూలు కంటే?”

“లేచి నిలబడితేగా కదలడానికి!” అని నవ్వింది. కుర్రాడు కూడా నవ్వి, ఒకటి వేశాడు.

“మనసులో దిగులుగా, ఏ ఆశా లేనట్టుగా ఉంటోందా?”

ఆవిడ జవాబు చెప్పకుండా కొడుకు వంక చూసింది. “మా అమ్మకి దిగులేంటండీ, అన్నీ మేమే చూసుకుంటున్నాం కదా” అన్నాడు కొడుకు. సున్న.

మూడు, మూడు, మూడు, ఒకటి. పది. ఆవిడ డిప్రెషన్ రోగిగా లెక్కలోకెక్కింది. ఎక్కించిన కారణాలన్నీ మోకాళ్ళవీ, రక్తహీనతవీ, మాత్రలవీ. నిజంగా దిగులుందో లేదో తెలిసేందుకు ఉన్న ప్రశ్నకు జవాబు ఆవిడది కాదు, కొడుకుది. ఆవిడకు నిజంగా డిప్రెషన్ ఉండి ఉండవచ్చు కూడా. అప్పుడు లెక్క అదృష్టంకొద్దీ సరైందని సంబరపడాలా?

డాక్టర్లు వాడే నిర్వచనం ప్రకారం అయితే డిప్రెషన్ అనాలంటే మొదటి రెండు లక్షణాల్లో, అంటే దిగులు, దేనిమీదా ఆసక్తి లేకపోవడం, వీటిలో ఒకటైనా ఉండి తీరాలి. మార్కులన్నీ కూడి పదికి చేరిందా లేదా అని చూసే పద్ధతిలో ఆ షరతు మాయమైపోతుంది. నిద్ర, నీరసం, ఆకలి, కదలికలు, ఏకాగ్రత: తొమ్మిదింటిలో అయిదు ఒంటి జబ్బుల్లోనూ చెడేవే. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళను కాలేజీలో అడిగితే ఇది పెద్ద సమస్య కాదు. జబ్బుతో ఆసుపత్రికి వచ్చినవాళ్ళను అడిగితే ఇదే అసలు సమస్య. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ మహిళల్లో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. ఇలాంటి జనాన్ని పట్టుకుని ‘నీరసంగా ఉంటోందా’ అని అడిగి, వచ్చిన జవాబును మనోవ్యాధి ఖాతాలో జమచేసుకోవడం ఏం పద్ధతి? హిమోగ్లోబిన్ కూడా రాసుకున్నారా అంటే, అది మా అధ్యయన పరిధిలో లేదంటారు.

ఈ చిక్కు కొత్తగా కనిపెట్టింది కాదు. 1983లోనే జిగ్మండ్, స్నైత్ అనే ఇద్దరు దీన్ని చూసి, జనరల్ ఆసుపత్రి ఓపీ రోగుల కోసమే 14 ప్రశ్నల హాడ్స్ తయారుచేశారు. ఒంటికి సంబంధించిన లక్షణాలను కావాలని పక్కనపెట్టి, ఆందోళనకు ఏడు, డిప్రెషన్‌కు ఏడు ప్రశ్నలు పెట్టారు. దానికీ లోపాలున్నాయి. ఒళ్ళునొప్పుల రూపంలో తప్ప తన బాధను చెప్పుకోని మనిషి అందులో జారిపోవచ్చు. కానీ నలభై ఏళ్ళ కిందటే ఓపీ కోసం ఆలోచించి చేసిన సాధనం ఉండగా, ఏది చేతికందితే అది వాడి, ఎందుకు వాడామో ఒక్క వాక్యం కూడా రాయకపోవడాన్ని లోపం అనలేం, అది నిర్లక్ష్యం.

ఇక తోక సంగతి. పరీక్షల్లో ఏమీ తేలకపోతే జబ్బు మనసులో ఉన్నట్టేనన్న వాదనకు ఎక్కువగా ఆసరా అయింది 1989లో అమెరికాలో క్రోయెంకీ, మాంగల్స్‌డార్ఫ్ చేసిన అధ్యయనం. ఓపీకి వచ్చిన వెయ్యిమంది రికార్డులు తిరగేసి, ఛాతీనొప్పి, అలసట, తలతిరుగుడు వంటి 14 మామూలు లక్షణాలకు కారణమైన శారీరక వ్యాధి 16 శాతంలోనే రుజువైందని వాళ్ళు చూపారు. అక్కడి నుంచి, మిగతా 84 శాతం మానసికమేనని ఒక్క గెంతు గెంతారు చాలామంది. రుజువు కాలేదంటే రుజువు కాలేదనే. కొన్ని వాటంతటవే తగ్గిపోయేవి, కొన్నిటికి ఆ రోజున్న పరీక్షలు చాలనివి, కొన్ని వైద్యశాస్త్రానికే ఇంకా అంతుపట్టనివి, కొన్ని మానసికమైనవి. ఎక్స్‌రే బాగుందన్నంత మాత్రాన మనసు బాగాలేదని ఎలా రుజువవుతుంది? మానసిక వ్యాధి అనాలంటే దాని లక్షణాలు విడిగా కనబడాలి. మిగిలిందంతా దాని ఖాతాలో వేయడానికి అదేమీ చిల్లరపద్దు కాదు.

మనవాళ్ళు మనసు బాధను ఒంటి బాధగానే చెప్పుకుంటారు, అది మన సంస్కృతి అన్నది కూడా అలా వాడుకలో అరిగిపోయిన మాటే. గ్రెగరీ సైమన్ బృందం 1999లో 14 దేశాల్లోని 1,146 మంది డిప్రెషన్ రోగుల్ని చూసింది. 69 శాతం మంది డాక్టరు దగ్గరకు ఒంటి బాధలు మాత్రమే చెప్పుకుంటూ వచ్చారు. అంతవరకు వాడుక మాట నిజమే అనిపిస్తుంది. అయితే నేరుగా అడిగినప్పుడు మనసు బాధ లేదన్నవాళ్ళు 11 శాతమే. పైగా, ఒకే డాక్టరు దగ్గర అలవాటుగా చూపించుకునే ఏర్పాటు లేని చోట్ల ఒంటి బాధలే చెప్పడం ఎక్కువని ఆ అధ్యయనంలో తేలింది. మన ఓపీలో వెళ్ళిన ప్రతిసారీ కొత్త డాక్టరు. మాట్లాడే సమయం ఎంత? 2017లో వచ్చిన ఒక అంతర్జాతీయ సమీక్ష ప్రకారం సగటున ఒక్కో రోగితో డాక్టరు గడిపేది బంగ్లాదేశ్‌లో 48 సెకన్లు, స్వీడన్‌లో 22.5 నిమిషాలు. మనం ఏ కొసకు దగ్గరో ఓపీకి వెళ్ళిన ఎవరినడిగినా చెబుతారు. అంతసేపట్లో మోకాలు చూపించాలా, మొగుడి సంగతి చెప్పాలా? ఓపీ ఏర్పాటులోని లోటును మనిషి స్వభావంగా రాసేస్తున్నాం.

ఇప్పటిదాకా చెప్పింది ప్రశ్నలు, జవాబుల సంగతి. అసలు ప్రశ్న ఎవరినడిగామన్నది ఇంకా పెద్ద చిక్కు, దీన్ని పట్టించుకునేవాళ్ళు మరీ తక్కువ. ఓపీ క్యూ అంటే జనాభా కాదు. అది రోగుల జాబితా కూడా కాదు. అది ఆ రోజు జరిగిన రాకల జాబితా. మళ్ళీ ఒక వెయ్యిమందిని తీసుకుందాం. వందమందికి మానసిక బాధ ఉంది, వాళ్ళు నయం కాక ఏడాదికి ఆరుసార్లు ఓపీకి వస్తారు. మిగతా తొమ్మిది వందల మంది ఏడాదికి రెండుసార్లు వస్తారు. మొత్తం రాకలు 600, 1,800 కలిపి 2,400. ఏ రోజు వెళ్ళి క్యూలో నిలబడినా నలుగురిలో ఒకరు మానసిక బాధ ఉన్నవాళ్ళే కనబడతారు. మనుషుల్ని లెక్కపెడితే పదిమందిలో ఒకరు, రాకల్ని లెక్కపెడితే నలుగురిలో ఒకరు.

ఆ క్యూలో నిలబడి ఇందాకటి ప్రశ్నావళి పంచండి. వెయ్యిమందిలో జబ్బున్న 250 మందిలో 85 శాతం, దగ్గర దగ్గర 213 మంది దొరుకుతారు. లేని 750 మందిలో 15 శాతం, మరో 112 మంది పొరపాటున పడతారు. మొత్తం 325. ముగ్గురిలో ఒకరు! పదిమందిలో ఒకరున్న జబ్బు, ఎవరూ ఒక్క అబద్ధమాడకుండా, ఒక్క అంకె దిద్దకుండా, ముగ్గురిలో ఒకరైపోయింది. మన ఓపీల్లో సరిగ్గా ఇదే జరిగిందని నేను చెప్పడం లేదు, నేను తీసుకున్న అంకెలు ఉదాహరణకే. ఇది జరగలేదని చూపగల సమాచారం మాత్రం ఆ సర్వేల్లో ఉండదు. ఈ మనిషి గత ఏడాది ఎన్నిసార్లు వచ్చారన్న ఒక్క ప్రశ్న అడిగి ఉంటే సరిదిద్దుకునే వీలుండేది.

ఆసుపత్రి క్యూ చేసే మోసం గురించి 1946లోనే జోసెఫ్ బెర్క్‌సన్ అనే అమెరికన్ గణాంక నిపుణుడు హెచ్చరించాడు. రెండు జబ్బుల మధ్య బయట ఏ సంబంధమూ లేకపోయినా ఆసుపత్రికి వచ్చినవాళ్ళలో సంబంధం ఉన్నట్టు కనబడవచ్చు, ఎందుకంటే రెండు జబ్బులూ ఉన్న మనిషి అక్కడికి వచ్చే అవకాశం ఎక్కువ. షుగరు రోగుల్లో డిప్రెషన్, థైరాయిడ్ రోగుల్లో ఆందోళన, చర్మరోగుల్లో ఇంకేదో అని ఓపీ నుంచి పుట్టుకొచ్చే థీసిస్‌లన్నిటి మీదా ఆయన నీడ పడుతుంది. ఆయన పేరు కూడా వాటిలో కనబడదు.

విదేశీ శాతాలతో పోల్చుకోవడం మరో వేడుక. బ్రిటన్‌లో జనరల్ ఆసుపత్రి ఓపీకి మామూలుగా జీపీ చూసి, చీటీ రాసి పంపినవాళ్ళు వస్తారు. ఊళ్ళో మనిషి డాక్టరు దాకా, అక్కణ్ణుంచి సైకియాట్రిస్టు దాకా ఎన్ని వడపోతలు దాటి వెళతాడో గోల్డ్‌బర్గ్, హక్స్‌లీ 1980లో రాసిన పుస్తకమంతా ఆ ఏర్పాటు మీదే ఆధారపడింది. మన దగ్గర? ఊళ్ళో ఆర్‌ఎంపీ సూదిమందు వేస్తాడు, మెడికల్ షాపువాడు మాత్రలిస్తాడు, పూజారో ముల్లానో తాయెత్తు కడతారు, ఆ తర్వాత ఎవరికి తోస్తే వాళ్ళు తిన్నగా ఉస్మానియాకో కేజీహెచ్‌కో వచ్చి చీటీ రాయించుకుంటారు. రెండు చోట్లా బోర్డు మీద ఓపీ అనే ఉంటుంది. లోపల కూర్చున్న జనం వేరు.

పెద్ద అధ్యయనాలు లేవా, వాటిలోనూ ఇంతే వచ్చింది కదా అంటారు. ఉన్నాయి, చూద్దాం. 1990ల మొదట్లో ప్రపంచ ఆరోగ్య సంస్థ 14 దేశాల్లో 15 కేంద్రాల్లో ఇలాంటి పని చేసింది. మన దేశం నుంచి బెంగళూరు ఉంది. దాదాపు 26 వేల మందిని జీహెచ్‌క్యూ-12తో వడకట్టి, అందులో 5,438 మందిని పద్ధతి ప్రకారం ఇంటర్వ్యూ చేశారు. గీత దాటినవాళ్ళనే కాకుండా దాటనివాళ్ళలోనూ కొందరిని ఎంచి మాట్లాడి, ఆ నిష్పత్తుల ప్రకారం లెక్క సరిచేశారు. సగటు 24 శాతం. మనవాళ్ళు ఎత్తి చూపేది ఈ సగటునే. కేంద్రాలవారీగా చూస్తే షాంఘైలో 7.3 శాతం, చిలీ రాజధాని శాంటియాగోలో 52.5 శాతం. బెంగళూరులో 22.4. ఇంత జాగ్రత్తగా, ఒకే సాధనంతో, ఒకే శిక్షణతో చేసినా చోటును బట్టి ఏడు రెట్ల తేడా వచ్చింది. అంతకుముందు 1980లో హార్డింగ్ బృందం కొలంబియా, భారత్, సూడాన్, ఫిలిప్పీన్స్‌లలో 1,624 మందిని చూసినప్పుడు వచ్చింది 13.9 శాతం. ఈ అధ్యయనాల నుంచి నేర్చుకోవలసింది సగటును కాదు, తేడాను. ఒక ఊరి ఓపీ అంకె ఇంకో ఊరికి చెల్లదని అవి చెబుతుంటే, వాటినే సాక్ష్యంగా పెట్టి ఒకే అంకెను దేశమంతటికీ అంటగడుతున్నాం.

అంకెలు ఒక పక్కకే తప్పుతాయని కూడా అనుకోవద్దు. తగ్గించే తప్పులూ ఉన్నాయి. జీహెచ్‌క్యూ ప్రతి ప్రశ్నా ‘మామూలుగా ఉండేదాని కంటే’ ఎలా ఉందని అడుగుతుంది. పదేళ్ళుగా నిద్రలేని మనిషికి నిద్రలేకపోవడమే మామూలు. ‘ఎప్పటిలాగే ఉంది’ అంటాడు, మామూలు పద్ధతిలో దానికి సున్న మార్కులు. బాధ ఎంత పాతదైతే అంత కనబడదన్నమాట. భర్త పక్కనుండగా భర్త తాగుడు గురించి, అత్త పక్కనుండగా అత్తింటి గురించి చెప్పే కోడలెవరు? మరీ నలతగా ఉన్నవాళ్ళను, మాట పెగలనివాళ్ళను అసలు అడగనే అడగరు. ఇలా పైకీ కిందకీ తప్పే సంఖ్య మధ్యలో ఎక్కడో నిజానికి దగ్గరగా ఉంటుందిలే అని సరిపెట్టుకోలేం. ఎక్కువగా లెక్కపడేది ఒకరు, తక్కువగా లెక్కపడేది ఇంకొకరు. మోకాళ్ళ నొప్పులావిడ లెక్కలోకి వచ్చింది, పదేళ్ళుగా నిద్రలేనివాడు బయటే ఉండిపోయాడు. మొత్తం సరిపోయినా మనుషులు తారుమారయ్యారు.

‘గుడ్డిలో మెల్ల కదా, అంకె పెద్దదైతేనేం, ప్రభుత్వాలు కదులుతాయి, మనసు గురించి మాట్లాడటం మొదలవుతుంది’ అన్నది ఈ వాదనలన్నిటిలో నాకు కొంచెం గౌరవమున్నది. ఎందుకంటే దీన్ని చెప్పేవాళ్ళలో చాలామంది నిజంగా ఈ పనిలో అరిగిపోయినవాళ్ళు. సైకియాట్రీ ఓపీలో ఒక్కరే కూర్చుని సాయంత్రం దాకా చూసేవాళ్ళు. కానీ ఆ 220 మందిని మళ్ళీ తలుచుకోండి. వాళ్ళందర్నీ ఆ ఒక్క డాక్టరు గదికి పంపితే, గది ముందు నిలబడినవాళ్ళలో 135 మందికి అక్కడ పనిలేదు. వాళ్ళ వెనక నిలబడి విసిగిపోయి బస్సెక్కేసేది ఎవరో చెప్పలేం. పంపకుండా మెడిసిన్ ఓపీలోనే మాత్రలు రాసేస్తే 135 మంది అవసరం లేని మందులు నెలల తరబడి మింగుతారు. అటు ఓపీ చీటీ మీద ‘మానసికం’ అన్న ముద్ర పడితే ఆ తర్వాత ఏ డాక్టరు దగ్గర ఏ నొప్పి చెప్పినా వినరు, ముఖ్యంగా ఆడవాళ్ళు చెబితే. ఇన్నాళ్ళూ ‘నీకేం లేదమ్మా, ఊరికే ఆలోచిస్తావు’ అని థైరాయిడ్‌నీ, రక్తహీనతనీ దాటవేసిన అలవాటుకు ఈ శాతాలు శాస్త్రాన్ని తోడిచ్చాయి.

ప్రభుత్వాలు కదలడానికైనా సరైన అంకె కావాలి. నిమ్హాన్స్ 2015–16లో చేసిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో పెద్దవాళ్ళలో 10.6 శాతం మందికి ఆ సమయానికి ఏదో ఒక మానసిక వ్యాధి ఉందని తేలింది. ఇంటింటికీ వెళ్ళి, ఇంటర్వ్యూ చేసి కట్టిన లెక్క. ఆ సర్వే జరిగిన 12 రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ లేదు, తెలంగాణ లేదు. మన ఖాళీని మనం ఓపీ థీసిస్‌లతో పూడ్చుకుంటున్నాం. జిల్లాకు ఎంతమంది సైకియాట్రిస్టులు, ఎంతమంది కౌన్సెలర్లు కావాలో ముప్పై శాతం అనుకుని లెక్కవేస్తే ఏ ఆర్థికశాఖ అయినా ఫైలు పక్కనపడేస్తుంది, ఆ సంఖ్య తీర్చడం అసాధ్యమని. సరిగ్గా ఎంచిన పది శాతం కోసం అడిగితే కాదనడం దానికి అంత సులువు కాదు.

మంచి పని ఇక్కడ చేయలేమా అంటే, చేశారు. గోవాలో విక్రమ్ పటేల్ బృందం అయిదు ప్రశ్నావళులను ఒకే చోట, 598 మంది రోగుల మీద పోల్చి, పద్ధతి ప్రకారం చేసిన ఇంటర్వ్యూతో సరిచూసి, ఏది ఎంత పనికొస్తుందో, గీత ఎక్కడ ఉండాలో తేల్చి 2008లో ప్రచురించింది. తెలుగు ఓపీల్లో అలాంటి పని ఒక్క జిల్లాలో గట్టిగా జరిగితే వంద థీసిస్‌లకు ఆధారమవుతుంది. వందమంది పీజీలు వంద చిన్న సర్వేలు చేసే బదులు పదిమంది కలిసి ఒక్కటి చేయొచ్చు. స్కోరు తెలియని ఇంకో డాక్టరు ఇంటర్వ్యూ చేయాలి. గీత దాటనివాళ్ళలోనూ కొందరిని పిలవాలి. రెండు వారాల తర్వాత మళ్ళీ అడగాలి, ఎందుకంటే ఆసుపత్రికి వచ్చిన రోజున్న కంగారు చాలామందిలో ఇంటికెళ్ళాక దిగిపోతుంది. కొడుకుని పావుగంట టీ తాగి రమ్మనాలి. వీటిలో దేనికీ విదేశీ నిధులు అక్కర్లేదు. ఓపిక కావాలి, ఒక గది కావాలి. ఓపీలో గది దొరకడమే కష్టం, అది నాకూ తెలుసు.

పీహెచ్‌క్యూ-9లో తొమ్మిదో ప్రశ్న ఒకటుంది. చచ్చిపోతే బావుండునన్న ఆలోచనలు గానీ, తనకు తాను హాని చేసుకోవాలన్న ఆలోచనలు గానీ ఎన్ని రోజులు వచ్చాయని అడుగుతుంది. వరండాలో ఒక మనిషి ఉదయం పదకొండింటికి ‘దాదాపు ప్రతిరోజూ’ అంటాడు. కుర్రాడు టిక్కు పెట్టి, థాంక్యూ చెప్పి, పక్కవాణ్ణి అడగడానికి వెళతాడు. ఆ కాగితం ఫైల్లోకి వెళుతుంది, కొన్ని నెలల తర్వాత అంకెలు ఎక్కించేటప్పుడు బయటికొస్తుంది, పట్టికలో ఒక శాతం అవుతుంది. ఆ మనిషి ఆ నెలల్లో ఏమయ్యాడో పట్టికలో ఉండదు. టెలిమానస్ సహాయవాణి 14416 నంబరు 2022 నుంచి ఉంది, దాన్ని చీటీ వెనక రాసిచ్చినవాళ్ళు కూడా తక్కువే. ఎథిక్స్ కమిటీలు ఇకనుంచి ఒక్క షరతు పెడితే చాలు: తొమ్మిదో ప్రశ్నకు అవునన్న మనిషిని అదే పూట చూడగల డాక్టరు ఆసుపత్రిలో లేని రోజు, ఆ కాగితాలు ఓపీలో పంచకూడదు.